ట్యాంకు ఎక్కకముందే మోడెమ్‌ని అడగండి
పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మంచినీటి ట్యాంకులు, లిఫ్టు పంపులు, కాలువ గేట్ల దగ్గర రేడియో మోడెమ్‌లు నడుపుతున్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు ఈసారి ఎక్కువగా ఒకే సంగతి అడిగారు. దూరాన ఉన్న మోడెమ్ బాగోగుల్ని రేడియో మీదుగానే కనుక్కోవడం ఎలా అని. ముఖ్యమైన ప్రశ్నలకు జవాబులివి.

ఆరు ట్యాంకుల నీటిమట్టం 865 మెగాహెర్ట్జ్ ఎక్స్‌బీ మోడెమ్‌ల ద్వారా మా పంప్‌హౌస్‌కి వస్తుంది. తరచూ ఏదో ఒక ట్యాంకు లెవెల్ కనబడకుండా పోతుంది. బండి వేసుకెళ్లి నిచ్చెన ఎక్కితే ఒకసారి సెన్సార్ వైరు, ఇంకోసారి బ్యాటరీ. ఇక్కడ కూర్చునే తేడా తెలుసుకోవచ్చా అండీ? (పంపు ఆపరేటర్, సోంపేట)

తెలుసుకోవచ్చు. ఎక్స్‌బీలో రిమోట్ ఏటీ కమాండ్ అనే ఫ్రేమ్ (ఒక కట్టగా పంపే సందేశం) ఉంది. హెక్స్‌లో (16 ఆధారంగా అంకెలు రాసే పద్ధతిలో) దాని రకం 17, తిరిగొచ్చే జవాబు రకం 97. ట్యాంకు మోడెమ్ లేబుల్ మీదున్న 64 బిట్ల చిరునామా, రెండక్షరాల కమాండ్ అందులో వేసి పంపితే ఆ మోడెమ్ తనంతట తానే జవాబిస్తుంది. సెన్సార్‌తో గానీ, అక్కడున్న కంట్రోలర్‌తో గానీ దానికి పని లేదు. మీకు కావలసిన తేడా ఇక్కడే దొరుకుతుంది. మోడెమ్ పలికి, లెవెల్ మాత్రం రాకపోతే తప్పు సెన్సార్‌లోనో, సెన్సార్ నుంచి మోడెమ్ దాకా ఉన్న వైరులోనో ఉంది. మోడెమే పలకకపోతే కరెంటు, యాంటెన్నా వైపు వెతకాలి. మొదటి పనికి మల్టీమీటరు, స్క్రూడ్రైవరు చాలు. రెండో పనికి బ్యాటరీ, కనెక్టర్లు, తోడు ఇంకో మనిషి ఉండాలి.

అడిగే మోడెమ్ ఏపీఐ మోడ్‌లో (డేటాని ఫ్రేములుగా పంపే పద్ధతిలో) ఉండాలి, అంటే ఏపీ విలువ 1. ట్యాంకు మోడెమ్ ట్రాన్స్‌పరెంట్ మోడ్‌లో (డేటాని ఉన్నదున్నట్టు దాటించే పద్ధతిలో) ఉన్నా ఇబ్బంది లేదు. అయితే మీ పీఎల్‌సీ (పంపుల్ని నడిపే కంట్రోలర్) పంప్‌హౌస్ మోడెమ్‌ని ట్రాన్స్‌పరెంట్ మోడ్‌లో వాడుతుంటే దాన్ని ముట్టుకోవద్దు. ఏపీఐలోకి మార్చిన క్షణమే ఆరు ట్యాంకులూ ఆగిపోతాయి. అదే రకం మోడెమ్ ఇంకొకటి తీసుకుని, యూఎస్‌బీ బోర్డు మీద పెట్టి, అదే నెట్‌వర్క్ ఐడీ, అదే ఎన్‌క్రిప్షన్ కీ (బయటివాళ్లకు అర్థం కాకుండా సందేశాన్ని మార్చే రహస్య సంఖ్య) వేసి లాప్‌టాప్‌కి తగిలించండి. ఎక్స్‌సీటీయూ సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేములు తయారుచేసే పరికరం ఉంది, చెక్‌సమ్ (ఫ్రేమ్‌లో తప్పులు పట్టే అంకె) అదే లెక్క వేస్తుంది.

ముందు ఎన్‌ఐ పంపండి, మోడెమ్ పేరు తిరిగి రావాలి. తర్వాత డీబీ, అంటే సిగ్నల్ బలం. జవాబులో స్టేటస్ బైటు 0 అయితే అంతా సరే. 2 అయితే ఆ మోడెమ్‌కి ఆ కమాండ్ తెలియదు. 3 అయితే ఇచ్చిన విలువ తప్పు. 4 అయితే కమాండ్ అవతలికి చేరలేదు. 4 రాగానే బండి తీయకండి. పదిసార్లు పంపి ఎన్నిటికి జవాబు వచ్చిందో రాసుకోండి. పదికి పదీ పోతే చాలావరకు కరెంటు లేనట్టు. పదికి మూడు నాలుగు పోతే మోడెమ్ బతికే ఉంది, సిగ్నల్ బలహీనపడింది.

డీబీ చదవడంలో రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. విలువ హెక్స్‌లో వస్తుంది. 58 అని వస్తే అది మైనస్ 58 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ బలం తగ్గినట్టు) కాదు, మైనస్ 88. ఈ 30 డీబీ తేడాని గమనించకపోతే చావుబతుకుల్లో ఉన్న లింకుని బ్రహ్మాండంగా ఉందనుకుంటాం. రెండోది ఇంకా మోసం చేస్తుంది. డీబీ చెప్పేది ఆ మోడెమ్ చివరగా అందుకున్న ప్యాకెట్ బలం. మీరు లాప్‌టాప్ మోడెమ్‌తో అడిగితే అది చివరగా విన్నది మీ లాప్‌టాప్ మోడెమ్‌నే. గదిలో చిన్న రబ్బరు యాంటెన్నాతో ఉన్న మోడెమ్ బలాన్ని చూసి పైకప్పు యాంటెన్నా పాడైందనుకుంటారు. అందుకని కొలిచే ఆ రెండు నిమిషాలూ పైకప్పు యాంటెన్నా కేబుల్‌ని లాప్‌టాప్ మోడెమ్‌కే బిగించండి. మధ్యలో ఇంకో మోడెమ్ సిగ్నల్‌ని అందించి పంపుతుంటే మీకు కనబడేది ఆఖరి మోడెమ్ నుంచి వచ్చిన సిగ్నల్ బలం మాత్రమే అని కూడా గుర్తుంచుకోండి.

ట్యాంకు మోడెమ్ డీబీ చూశాక, వెంటనే మీ దగ్గరి మోడెమ్ డీబీ కూడా చూడండి. మొదటిది మీ మాట అక్కడెలా వినిపిస్తోందో చెబుతుంది, రెండోది వాళ్ల మాట ఇక్కడెలా వినిపిస్తోందో చెబుతుంది. రెండు మోడెమ్‌ల పవర్ సెట్టింగ్ ఒకటే అయితే ఈ రెండు అంకెలూ దగ్గర దగ్గరగా ఉండాలి. యాంటెన్నా వంగినా, కేబుల్‌లో నీళ్లు చేరినా, చెట్టు అడ్డొచ్చినా రెండూ కలిసే పడిపోతాయి. ఒకటే పడిపోతే ఆ దిక్కుకి పంపే మోడెమ్ పవర్ తగ్గి ఉండాలి, లేదా అందుకునే మోడెమ్ రిసీవర్ దెబ్బతిని ఉండాలి.

పథకం బాగా నడుస్తున్న రోజునే ఆరు ట్యాంకులకూ ఈ రెండేసి అంకెలు, వోల్టేజీ, తేదీ ప్యానెల్ తలుపు లోపలివైపు రాసి అంటించండి. ఈరోజు మైనస్ 88 అన్నది మంచో చెడో ఆ కాగితమే చెబుతుంది. మొదటి రోజునుంచీ మైనస్ 86 ఉన్న ట్యాంకుకి 88 మామూలే. మైనస్ 70 ఉన్న ట్యాంకుకి 88 అంటే మాత్రం ఏదో జరిగింది.

పీఎల్‌సీ అర సెకనుకోసారి పోలింగ్ చేస్తుంటే మోడెమ్‌కి +++ పంపినా ఓకే రావడం లేదు. ఎప్పుడైనా వచ్చిందా, స్టేషన్లన్నీ టైమౌట్ చూపిస్తున్నాయి. (ఎలక్ట్రీషియన్, గరివిడి)

రెండూ ఒకే కారణం నుంచి వచ్చినవి. +++ కి ముందు ఒక సెకను, తర్వాత ఒక సెకను లైను మీద ఏ డేటా లేకుండా ఉంటేనే మోడెమ్ దాన్ని కమాండ్ మోడ్‌లోకి రమ్మనే సంకేతంగా గుర్తిస్తుంది. అర సెకనుకోసారి పోలింగ్ నడుస్తుంటే, అంటే పీఎల్‌సీ స్టేషన్లను వరసగా అడుగుతుంటే ఆ నిశ్శబ్దం దొరకదు. పొరపాటున దొరికి కమాండ్ మోడ్‌లోకి వెళ్తే ఇక పీఎల్‌సీ పంపే ప్రశ్నలు గాలిలోకి పోవు, మోడెమ్ వాటిని కమాండ్లుగా చదవబోతుంది. మీరు ఇంకేమీ పంపకపోతే ఎక్స్‌బీలో ఆ మోడ్ 10 సెకన్లకు దానంతటదే ముగుస్తుంది. కానీ ఈలోపు పీఎల్‌సీ దృష్టిలో స్టేషన్లన్నీ పోయినట్టే.

పీఎల్‌సీ ప్రోగ్రామ్‌లో పోలింగ్‌ని ఆపే ఒక బిట్ పెట్టించండి. అది వేసినప్పుడు 15 సెకన్లు పోలింగ్ ఆగాలి, అలారం మోగకూడదు, పంపు ఉన్న స్థితిలోనే ఉండాలి. ఈ మూడోది మరచిపోతే డయాగ్నస్టిక్ చేసిన ప్రతిసారీ మోటారు ట్రిప్ అవుతుంది.

లైసెన్సు బ్యాండులో నడిచే స్కాడా (దూరాన ఉన్న పంపుల్ని, ట్యాంకుల్ని గమనించి నడిపే వ్యవస్థ) రేడియోల్లో చాలావాటికి డయాగ్నస్టిక్ పోర్టు విడిగా ఉంటుంది. అలాంటిది మీ దగ్గరుంటే +++ గొడవే ఉండదు. అయినా గాలి ఒక్కటే, ఆ సమయాన్ని అందరూ పంచుకోవాలి. మోడ్‌బస్ (పీఎల్‌సీ స్టేషన్లతో మాట్లాడే పద్ధతి) ప్రశ్న 8 బైట్లు, నాలుగు రిజిస్టర్ల (స్టేషన్ దాచుకునే విలువల) జవాబు 13 బైట్లు, సెకనుకి 9600 బిట్ల వేగంలో కలిపి 22 మిల్లీసెకన్లు. రేడియో ప్రతిసారీ ట్రాన్స్‌మిట్‌లోకి మారే సమయం కూడా కలిపితే స్టేషన్‌కి 100 మిల్లీసెకన్లు అనుకోండి. సిగ్నల్‌ని అందుకుని మళ్లీ పంపే రిపీటర్ మధ్యలో ఉంటే అది రెట్టింపు. 12 స్టేషన్లకు రిపీటర్ మీదుగా ఒక చుట్టు 2.4 సెకన్లు. చుట్టుకొక్క స్టేషన్‌ని మాత్రమే డయాగ్నస్టిక్ అడిగి, తర్వాతి చుట్టులో తర్వాతిదాన్ని అడిగితే పోలింగ్‌కి భారం తెలియదు. అందరికీ ఒకేసారి బ్రాడ్‌కాస్ట్ కమాండ్ పంపితే మాత్రం 12 జవాబులూ ఒకదాని మీద ఒకటి పడతాయి.

సిక్ ఫర్మ్‌వేర్ (రేడియో లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ఉన్న రేడియోలు వాడుతున్నాం. అవతలి రేడియో రిపోర్టులో సిగ్నల్ 112 చూపిస్తోంది, బాగా ఉన్నట్టే కదా? అయినా సగం ప్యాకెట్లు పోతున్నాయి. (రాజాం)

ఆ రిపోర్టులో సిగ్నల్ పక్కనే నాయిస్ (రొద) విలువ ఉంటుంది, దాన్ని కూడా చూడండి. ఈ రేడియోలు చూపించే అంకెని 1.9తో భాగించి అందులోంచి 127 తీసేస్తే డీబీఎం వస్తుంది. 112 అంటే దాదాపు మైనస్ 68, నిజంగానే మంచి సిగ్నల్. మీరు జతచేసి పంపిన ఫొటోలో అవతలి నాయిస్ 98, అంటే మైనస్ 75. తేడా 7 డీబీ మాత్రమే. మీ వైపు నాయిస్ 45, అంటే మైనస్ 103. అక్కడి మాట మీకు చక్కగా వినిపిస్తోంది, మీ మాట అక్కడి రొదలో మునిగిపోతోంది. యాంటెన్నా ఎత్తు పెంచినా పవర్ పెంచినా ఆ రొద తగ్గదు.

రొద ఎక్కడిదో కూడా కూర్చున్నచోటి నుంచే పట్టుకోవచ్చు. మోటారు ఆగి ఉన్నప్పుడు ఒకసారి, నడుస్తున్నప్పుడు ఒకసారి అవతలి రిపోర్టు తెప్పించండి. నడుస్తున్నప్పుడే నాయిస్ పెరిగితే మోటారు వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ డ్రైవే కారణం. డ్రైవ్ నుంచి మోటారుకి షీల్డు ఉన్న కేబుల్ వేసి, ఆ షీల్డుని ఎర్త్ చేయండి. మోడెమ్‌ని డ్రైవ్ ప్యానెల్‌లోంచి తీసి వేరే పెట్టెలో పెట్టండి. మోటారుతో సంబంధం లేకుండా ఎప్పుడూ ఒకేలా ఉంటే మోడెమ్‌కి కరెంటిచ్చే చవక అడాప్టర్‌ని అనుమానించండి. కాసేపు బ్యాటరీ మీద నడిపి మళ్లీ రిపోర్టు తీస్తే తేలిపోతుంది. ప్రశాంతంగా ఉన్న రోజున సిగ్నల్‌కీ నాయిస్‌కీ మధ్య 25, 30 డీబీ ఉంటే వానాకాలంలోనూ లింకు నిలబడుతుందన్నది మా లెక్క.

ఆన్‌లైన్‌లో 915 మెగాహెర్ట్జ్ మోడెమ్‌లు చవగ్గా దొరుకుతున్నాయి. వాడవచ్చా? (ఆమదాలవలస)

వద్దు. అది అమెరికా బ్యాండు. మన దేశంలో ఆ పరిసరాల్లో సెల్‌ఫోన్ టవర్ల వ్యవస్థ నడుస్తోంది. మనకు లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ దాకా, 2005 నుంచి. 2021లో దాన్ని 868 దాకా పెంచారు. 1 వాట్ ట్రాన్స్‌మిటర్, యాంటెన్నా లాభం కలిపి 4 వాట్లు, క్యారియర్ వెడల్పు 200 కిలోహెర్ట్జ్ పరిమితులు. కొనేటప్పుడు మోడెమ్‌కి మన దేశపు ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ ఉందో లేదో అడగండి.

ఆఫీసులోంచే రిపీటర్ మోడెమ్ నెట్‌వర్క్ ఐడీ మార్చాను. ఆ క్షణం నుంచి రిపీటరూ, దాని వెనకున్న మూడు స్టేషన్లూ మాయం. ఏ వరసలో మార్చి ఉండాల్సింది? (భోగాపురం)

అన్నిటికంటే దూరంగా ఉన్నవాటిని ముందు, తర్వాత రిపీటర్, చివరగా మీ దగ్గరిది. మీరు మధ్యలో ఉన్నదాన్ని ముందు మార్చడంతో వెనకున్న మూడింటికీ దారి తెగిపోయింది.

ఎక్స్‌బీ తరహా మోడెమ్‌లలో దీనికి మంచి రక్షణ ఉంది. మార్చిన విలువ డబ్ల్యూఆర్ కమాండ్‌తో భద్రపరిచేదాకా శాశ్వతం కాదు. కరెంటు పోయి వస్తే పాత విలువే తిరిగొస్తుంది. కాబట్టి కొత్త విలువలన్నీ ముందు ‘వెంటనే అమలు’ ఆప్షన్ లేకుండా పంపండి. ఒక్కోటి అందినట్టు స్టేటస్ 0 రావాలి. తర్వాత ఏసీ కమాండ్ పంపితే అన్నీ ఒకేసారి అమల్లోకి వస్తాయి. అప్పుడు ఆ మోడెమ్ కొత్త నెట్‌వర్క్‌లోకి వెళ్లిపోతుంది గనుక ఆఖరి జవాబు మీకు అందకపోవచ్చు, దానికి కంగారుపడక్కర్లేదు. రిపీటర్, మీ మోడెమ్ కూడా మారాక ఒక్కో స్టేషన్‌నీ పేరు అడిగి, అన్నీ పలికాకే అన్నిటికీ డబ్ల్యూఆర్ పంపండి. ఏదైనా పలకకపోతే ఆ ఊళ్లో ఎవరికైనా ఫోన్ చేసి మోడెమ్ కరెంటు ఆపి, 10 సెకన్లాగి వేయమంటే పాత నెట్‌వర్క్‌కి వస్తుంది. సోలార్ బ్యాటరీ ఉన్నచోట ఎంసీబీ ఆపితే చాలదు, బ్యాటరీ ఫ్యూజు కూడా తీయాలి. ఈ సంగతి ముందే వాళ్లకు చూపించి ఉంచండి. మీరు ఇప్పటికే డబ్ల్యూఆర్ పంపి ఉంటే ఒకటే దారి. మీ మోడెమ్‌ని కొత్త ఐడీకి మార్చండి, రిపీటర్ పలుకుతుంది, దాన్ని పాత ఐడీకి తిప్పండి, తర్వాత మీదీ తిప్పి మొదటినుంచి చేయండి.

ఉరుములు, కరెంటు కోతలు ఉన్న సాయంత్రం ఈ పని పెట్టుకోవద్దు. సగం మోడెమ్‌లు మారి, భద్రపరచకముందే కరెంటు పోతే కొన్ని పాత ఐడీలో, కొన్ని కొత్త ఐడీలో చిక్కుకుంటాయి.

ఇలా మేం పంపే కమాండ్లే బయటివాళ్లు కూడా మా మోడెమ్‌లకు పంపగలరా? (విజయనగరం)

ఎన్‌క్రిప్షన్ పెట్టకపోతే, అదే రకం మోడెమ్ ఉండి మీ నెట్‌వర్క్ ఐడీ ఊహించగలిగిన ఎవరైనా పంపగలరు. ఊరి తాగునీటి పంపుకి ఇది చిన్న విషయం కాదు. అన్ని మోడెమ్‌లలోనూ ఈఈ (ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసే సెట్టింగ్) విలువ 1 చేసి, కేవై (కీ ఉంచే సెట్టింగ్)లో ఒకే కీ వేయండి. కీని మోడెమ్ తిరిగి చూపించదు. కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, ప్యానెల్ తలుపు మీద మాత్రం రాయకండి.

గెడ్డ దగ్గర లిఫ్టు పంపుకి సోలార్ మీద నడిచే మోడెమ్ ఉంది. %వీ కమాండ్‌తో ఎప్పుడడిగినా 3.3 వోల్టులే. అయినా తెల్లవారుజామున మోడెమ్ ఆగిపోతోంది. (శృంగవరపుకోట)

%వీ చూపించేది మోడెమ్ చిప్‌కి అందే వోల్టేజీ. మధ్యలో రెగ్యులేటర్ ఉంది కాబట్టి బ్యాటరీ 12.6 ఉన్నా 11 ఉన్నా చిప్‌కి 3.3 వస్తూనే ఉంటుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చేదాకా మీకేమీ తెలియదు.

బ్యాటరీ ప్లస్ నుంచి 150 కిలో ఓమ్, అక్కడి నుంచి గ్రౌండ్‌కి 10 కిలో ఓమ్ రెసిస్టర్ వేసి, రెండూ కలిసే చోటుని మోడెమ్ అనలాగ్ పిన్‌కి కలపండి. ఆ 10 కిలో ఓమ్ రెసిస్టర్‌కి సమాంతరంగా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే రీడింగ్ ఊగదు. ఛార్జింగ్‌లో బ్యాటరీ 15 వోల్టులకు చేరినా పిన్ దగ్గర 0.94 వోల్టు దాటదు. ఆ పిన్‌ని అనలాగ్ ఇన్‌పుట్‌గా పెట్టి, ఐఎస్ కమాండ్ పంపితే విలువ వస్తుంది. దాన్ని వోల్టుల్లోకి మార్చి 16తో గుణిస్తే బ్యాటరీ వోల్టేజీ.

ఇక ఎప్పుడు అడగాలన్నది. మధ్యాహ్నం అడిగితే 13.8, 14 కనబడుతుంది. అది ప్యానెల్ బాగుందని చెబుతుంది తప్ప బ్యాటరీ గురించి ఏమీ చెప్పదు. ఎండ తగలకముందు, ఉదయం ఐదింటికి అడగండి. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.2 దగ్గరుంటే సగం ఉన్నట్టు, 11.8 అయితే అయిపోవచ్చినట్టు. రోజూ తెల్లవారుజామున ఆ అంకె కొంచెం కొంచెంగా దిగుతుంటే ప్యానెల్ చాలడం లేదు, లేదా దుమ్ము పట్టింది. సాయంత్రం 12.7 ఉండి, తెల్లారేసరికి 11.5కి పడుతుంటే బ్యాటరీ వయసు అయిపోయింది. 5 వాట్ల రేడియో అయితే ట్రాన్స్‌మిట్ చేసే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆ క్షణంలో వోల్టేజీ ఒకటిన్నర వోల్టు పడిపోయే బ్యాటరీ, ఖాళీగా ఉన్నప్పుడు 12.4 చూపించినా పనికిరాదు.

లోరావాన్ (తక్కువ కరెంటుతో చాలా దూరం చిన్న డేటా పంపే రేడియో నెట్‌వర్క్) నోడ్‌కి స్టేటస్ కమాండ్ పంపితే జవాబు గంటకు గానీ రావడం లేదు. (ఇంజినీరింగ్ విద్యార్థి, టెక్కలి)

మీ నోడ్ ‘క్లాస్ ఏ’ అనే రకానిది. అది తను డేటా పంపిన 1 సెకను తర్వాత ఒకసారి, 2 సెకన్ల తర్వాత ఇంకోసారి మాత్రమే రిసీవర్ తెరుస్తుంది. మిగతా సమయమంతా నిద్రే. గంటకోసారి డేటా పంపే నోడ్‌కి మీ కమాండ్ గంటదాకా సర్వర్లోనే వేచి ఉంటుంది. జవాబులో బ్యాటరీ 0 అని వస్తే ఖాళీ అయిందని కాదు, బయటి కరెంటు మీద నడుస్తోందని అర్థం. 255 అంటే కొలవలేకపోయింది. మార్జిన్ (నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ ఎంత ఉందో చెప్పే అంకె) మైనస్‌లో వచ్చినా భయపడకండి, లోరా సిగ్నల్‌ని నాయిస్ కంటే కింద కూడా పట్టుకుంటుంది. డేటా వేగాన్ని నిర్ణయించే ఎస్‌ఎఫ్ సెట్టింగ్ 12లో మైనస్ 20 డీబీ దాకా, ఎస్‌ఎఫ్ 7లో మైనస్ 7.5 దాకా.

మా లింకు 6 కిలోమీటర్లు, మధ్యలో కొబ్బరి తోటలు. పెట్టినప్పుడు బాగుండేది. ఇప్పుడు వాన పడితే చాలు, పోతోంది. (కవిటి)

ఉద్దానంలో 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను కొబ్బరి చెట్లను నేలమట్టం చేసింది. ఆ తర్వాత ఖాళీగా ఉన్న ఆకాశం చూసి పెట్టిన లింకులకు మళ్లీ వేసిన చెట్లు ఇప్పుడు అడ్డొస్తున్నాయి. 865 మెగాహెర్ట్జ్‌లో 6 కిలోమీటర్ల లింకుకి సరిగ్గా మధ్యలో, చూపు గీతకు చుట్టూ దాదాపు 14 మీటర్ల మేర ఖాళీ ఉండాలి. మట్టలు ఆ గీతను తాకక్కర్లేదు, కింద 14 మీటర్లలోకి వచ్చినా సిగ్నల్ తగ్గుతుంది. తడిసిన మట్టలు ఇంకా ఎక్కువ తినేస్తాయి.

ఇది చెట్లవల్లేనని నిర్ధారించుకోవాలంటే పొడి రోజు ఉదయం, వాన వెలిసిన వెంటనే, మళ్లీ ఎండ కాశాక మూడుసార్లూ రెండు వైపుల సిగ్నల్ తెప్పించండి. తడిసినప్పుడు రెండు వైపులా సమానంగా పడి, ఆరాక పూర్తిగా కోలుకుంటే ఆకులే. ఆరిన రెండు మూడు రోజులకు గానీ కోలుకోకపోతే కేబుల్‌లోకో కనెక్టర్‌లోకో నీళ్లు దిగాయి, తోటని నిందించకండి. ఆకులే అయితే యాంటెన్నా ఎత్తు పెంచడమే మందు, లేదా పక్కనున్న ఎత్తయిన ట్యాంకు మీద రిపీటర్.

మా 5 వాట్ల యూహెచ్‌ఎఫ్ రేడియోని దూరం నుంచి అడిగితే వెనక్కొచ్చే పవర్ 1.2 వాట్లు అంటోంది. పెట్టినప్పుడు 0.1 ఉండేది. 10 మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్. ఎంత ప్రమాదం? (కళింగపట్నం)

1.2ని 5తో భాగిస్తే 24 శాతం, వీఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ ఎంత వెనక్కొస్తోందో చెప్పే నిష్పత్తి, 1 అయితే ఏమీ రానట్టు) దాదాపు 2.9. ‘మూడు లోపే కదా’ అని ఊరుకునే అంకె కాదిది. ఎందుకంటే యూహెచ్‌ఎఫ్‌లో 10 మీటర్ల ఆర్‌జీ-58 ఒక్కో దిక్కుకి 3 డీబీ దాకా తినేస్తుంది. యాంటెన్నా అసలు లేకుండా కేబుల్ చివర ఖాళీగా ఉన్నా, వెళ్లేటప్పుడు సగం, వచ్చేటప్పుడు సగం కేబుల్‌లోనే పోయి రేడియోకి 25 శాతమే తిరిగొస్తుంది. అంటే మీ యాంటెన్నా దాదాపు ఊడిపోయినట్టే. నాసిరకం కేబుల్ అసలు జబ్బుని కప్పిపెడుతుంది.

సముద్రపు గాలికి అక్కడ ముందు పోయేది యాంటెన్నా దగ్గరి ఎన్ కనెక్టర్. విప్పి చూడండి. మధ్య పిన్ పచ్చబడితే, కేబుల్ అల్లిక నల్లబడితే రాగి మెరిసేదాకా కేబుల్ కోసేయాలి, కొత్త కనెక్టర్ వేయాలి. వీలైతే ఆర్‌జీ-58 తీసేసి ఎల్‌ఎంఆర్-400 వేయండి, అదే 10 మీటర్లకు 1 డీబీ లోపే పోతుంది. కనెక్టర్ బిగించాక తనకు తానే అతుక్కునే రబ్బరు టేపుని సగం వెడల్పు అయ్యేదాకా లాగుతూ కింది నుంచి పైకి చుట్టండి, ఒక్కో చుట్టు కిందిదాని మీద సగం పడాలి. దాని మీద పీవీసీ టేపు, అదీ కింది నుంచి పైకే. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ పూయకండి, అందులోంచి వెలువడే ఆమ్లం రాగిని తింటుంది. కేబుల్ పెట్టెలోకి వెళ్లేముందు కిందికి ఒక వంపు ఉంచితే నీళ్లు అక్కడే కారిపోతాయి. పని అయ్యాక వెనక్కొచ్చే పవర్ మళ్లీ చదివి, తేదీతో రాసిపెట్టండి. కేబుల్ మార్చినట్లయితే పాత 0.1తో పోల్చకండి, ఆ అంకెలోనూ పాత కేబుల్ కొంత దాచింది.